చీము పడాలని మొక్కుకున్న రోజులు

మా నాయన కడుపులోని గడ్డను నేను కంటితో చూశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తెలియదు, అవ్వకు తెలియదు, ఆసుపత్రిలో నాతోనే ఉన్న చిన్నాయనకూ తెలియదు. గడ్డ మొత్తాన్నీ కాదు. సూదితో లాగి, గాజు పలక మీద పూసి, రంగు వేసిన నలుసును సూక్ష్మదర్శినిలో చూశాను. చూడగానే నా మనసుకు తోచింది ఒక్కటే: రంగు బాగా పట్టింది. ఆ గాజు మీద ఉన్నది మా నాయన అన్న సంగతి ఆ తర్వాతే గుర్తుకొచ్చింది.

మాది బద్వేలుకు దగ్గర్లో ఒక ఊరు. మా వీధిలో అందరివీ మగ్గాలే. మాకూ రెండు మగ్గాలున్నా, నాయనకు పేరు తెచ్చింది మాత్రం నూలుకు రంగు వేయడం. యుద్ధం వచ్చి విదేశాల సీమరంగుల డబ్బాలు రావడం ఆగిపోయాక ఆయన తాత కాలపు పద్ధతికి మళ్ళాడు. మోదుగ పూలు, దానిమ్మ తొక్కలు, పసుపు, పటిక. ఎరుపు సరిగా వచ్చేది కాదు, నీలి దొరికేది కాదు. అందుకని ఆ ఏడాది మా ఇంట్లో ఏ దండెం మీద చూసినా పసుపుపచ్చని నూలే ఆరుతూ ఉండేది. నాయన చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి. గోళ్ళు పచ్చగా ఉండేవి. చిన్నప్పటినుంచీ ఆయన చేతులు ఏదో ఒక రంగులోనే చూశాం కాబట్టి మాకది వింతగా తోచలేదు.

రంగులు వేసే ఇంటివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి ఆ ఏడాది మా ఇంట్లో జరిగింది.

నాయన పంచె ఎంత ఉతికినా పసుపు వదలడం లేదని అమ్మ అంటూ ఉండేది. పంచెకే కాదు, ఆయన కప్పుకునే దుప్పటికీ, తలకింద బొంతకూ పచ్చడాగులు పడేవి. ఆయన ఛాతీ మీద కూడా పచ్చదనం కనిపించేది. చెమట పట్టినప్పుడు రంగు చేతులతో తుడుచుకుంటాడు కదా అనుకున్నాం. బావి దగ్గర పక్కింటి ఆమె అమ్మను ఆటపట్టించింది.

"ఏం వదినా, మీ ఇంటాయన్ను మగ్గానికెక్కిచ్చి నేస్తే పట్టుపంచె అయితాడు గదా."

"నువ్వే నేసుకో తల్లీ, నీకే అమ్ముతా," అంది అమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటికే ఆయన తిండి తగ్గిపోయింది. సంగటి ముద్ద మింగితే ఛాతీ కింద ఆగిపోయినట్టుందనేవాడు. చియ్యకూర అంటే ప్రాణమిచ్చే మనిషి, మాంసం వాసన వస్తేనే లేచి బయటికి పోయేవాడు. పటిక నీళ్ళ ఆవిరికి నోరు చేదెక్కిందని ఆయనే అన్నాడు, మేమూ నమ్మాం. చివరికి కనిపెట్టింది గడ్డం చేయడానికి వచ్చిన మంగలాయన. నాయన తలను ఎండకు తిప్పి పట్టుకుని, ఎత్తిన కత్తి దించాడు.

"ఏమప్పా, కండ్లకు గూడా రంగేసుకున్నావా?" అన్నాడు.

కంటి లోపలికి రంగు పోదు. ఆ మాట విన్నాక అమ్మ వాకిట్లోకి వచ్చి నాయన రెప్పలు తీసి చూసింది. అప్పుడు ఆమె మొహం ఎలా అయిందో నేను రాయలేను. కామెర్లని పసరు పోయించాం, పథ్యం పెట్టాం. పచ్చదనం ఇంకా ముదిరింది. కుడి పక్కటెముకల కింద చేయి పెడితే రాయిలా ఏదో తగలసాగింది. అప్పుడు కడపకు తీసుకుపోదామన్నాడు చిన్నాయన. అమ్మ మగ్గం మీది పడుగునూ అవ్వనూ వదిలి రాలేదు. ఆసుపత్రిలో కాగితాలు చదవడానికి ఒకరుండాలని నన్ను తీసుకుపోయారు. థర్డు ఫారం దాకా చదివింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదని అందరికీ తెలుసు, అయినా చదువు వచ్చు కదా అన్నారు.

బొగ్గుతో నడిచే బస్సులో పోయాం. ఎత్తు వచ్చినచోటల్లా మగవాళ్ళు దిగి తోశారు. నాయన కూడా దిగబోతే కండక్టరు వద్దన్నాడు.

"నువ్వు కూచో పెద్దాయనా. మనిషి పచ్చి పసుపుకొమ్ము మాదిరి ఉండావు, నువ్వేం తోస్తావు."

"రంగుపనోన్ని లేప్పా," అన్నాడు నాయన. అప్పటికి ఆయనకూ తెలుసు, అది రంగు కాదని.

ఆసుపత్రి డాక్టరుది గుంటూరు వైపు మాట. నెమ్మదైన మనిషి. మొదట గోళ్ళు చూశారు. ఏమీ తెలియక సబ్బుతో కడిగించారు. అయినా రంగు పోలేదు. అరచేతులు చూశారు, వాటితోనూ లాభం లేకపోయింది. "ఇంతకాలం మీవాళ్ళకు తెలియకపోవడంలో వింతేముందమ్మా," అన్నారు నాతో. అది ఓదార్పుగా అన్నారేమో. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. తర్వాత కడుపు నొక్కి చాలాసేపు చూశారు. నొక్కినప్పుడల్లా నాయన కాళ్ళ వేళ్ళు ముడుచుకునేవి.

ఆయన చిన్నాయనకు చెప్పింది నేను పక్కనే నిలబడి విన్నాను. కాలేయం బాగా పెరిగి ఉంది. అందులో చీము పట్టి ఉండవచ్చు, లేదా చీము లేని చెడ్డ గడ్డ లేచి ఉండవచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. చీమయితే సూదితో తోడేయవచ్చు, దానికి మందుంది, నెల రోజుల్లో మనిషి లేచి తిరుగుతాడు.

"చీము కాకుంటే సామీ?" అన్నాడు చిన్నాయన.

"ముందు చూద్దాం. సూది వేస్తే తెలుస్తుంది."

చీముకు పనిచేసే మందేదో ముందుగా రోజూ సూదుల్లో ఇచ్చారు. ఆ కొద్ది రోజులూ మేము చీము కోసం ఎదురుచూశాం. ఎవరి కడుపులోనైనా చీము ఉండాలని దేవుణ్ణి అడిగినవాళ్ళున్నారో లేదో నాకు తెలియదు, మేము అడిగాం. చీము పడితే దర్గాలో చక్కెర చదివించి పంచుతానని చిన్నాయన మొక్కుకున్నాడు. నాకు తెలిసిన స్తోత్రాలన్నీ చదువుకుని, చివర ఆ ఒక్క మాట అడగడానికి సిగ్గుపడి, మళ్ళీ అడిగేదాన్ని.

మా ఆశకు ఒక మనిషి ఆధారంగా దొరికాడు. నాయన పక్క మంచంలో కోయిలకుంట్ల నుంచి వచ్చిన రైతు ఉండేవాడు. భూములున్న మనిషి, గొంతు పెద్దది. ఆయన కాలేయంలోంచి అంతకుముందే డాక్టరు చీము తోడారు. ఆ ముచ్చట ఆయన వార్డులో ప్రతివాడికీ చెప్పేవాడు.

"ఇటుకపొడి కలిపిన నీళ్ళ మాదిరి వచ్చిందప్పా. బేసిన్ నిండి పాయ. మా బర్రె గూడ ఒక పూటకు అన్ని పాలియ్యదు."

"అబ్బ, తినేటప్పుడు గూడ అదే మాటనా," అని ఆయన భార్య కసిరేది.

"తినేకి వచ్చింది గాబట్టే చెప్తాండా. ఆ పొద్దు నేను సంగటి ముట్టినానా? ఏమప్పా బద్వేలాయనా, నీది పచ్చది వస్తాది సూడు. రంగుపనోనివి గదా."

నాయన నవ్వేవాడు. ఆసుపత్రిలో ఆయన నవ్వింది ఆ మనిషి మాటలకే. నవ్వితే పక్కలో నొప్పి పుట్టేది. చేత్తో ఆ చోటు అదిమి పట్టుకుని నవ్వేవాడు. "నాకూ అంత వస్తాదంటావా?" అని అడిగేవాడు. "ఎందుకు రాదప్పా. నీ గడ్డ నా గడ్డ కంటే పెద్దదే కదా," అనేవాడాయన. మంచి భూమి గురించి మాట్లాడుకున్నట్టు వాళ్ళిద్దరూ ఆ గడ్డల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

సూది వేసిన రోజు నాయన నా చేయి వదల్లేదు. అందుకని నన్ను బల్ల పక్కనే ఉండనిచ్చారు. చర్మం మొద్దుబారడానికి మొదట సన్న సూదితో మందిచ్చారు. రెండోది పొడవుగా, లావుగా ఉంది. గోనె కుట్టే దబ్బనం గుర్తొచ్చింది నాకు. ఊపిరి బిగబట్టమన్నారు. సూది లోపలికి పోయింది. డాక్టరు పిచికారీ కాడను వెనక్కి లాగారు. గాజుగొట్టం ఖాళీగా ఉంది. నేను ఆ గొట్టం తప్ప ఇంకేమీ చూడడం లేదు. సూదిని కొంచెం బయటికి తీసి, మొన తిప్పి, మళ్ళీ లోపలికి పంపి లాగారు. ఈసారి కూడా చీము రాలేదు. సూదిలో కొంచెం నెత్తురూ, దాంట్లో బియ్యపు నూకలాంటి తెల్లని నలుసులూ ఉన్నాయి. అంతే.

డాక్టరు సూదిలో ఉన్నదాన్ని గాజు పలకల మీదికి చిమ్మి, ఇంకో పలక అంచుతో పల్చగా పూశారు. ఆరడానికి గాలికి ఆడించారు. అవి ఆరేటప్పుడు ఏమీ లేనట్టే కనిపించాయి, తడిచేత్తో గాజును ముట్టుకుంటే మిగిలే మచ్చలా.

ఆ రోజుల్లో పరాయి మగమనిషిని నా అంతట నేను ఏమైనా అడగడం అదే మొదటిసారి. "ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"రంగు వేస్తాం."

"రంగా?"

"ఈ నలుసులో కణాలుంటాయమ్మా, మన ఒళ్ళంతా వాటితో కట్టిందే. రంగు లేకుండా చూస్తే నీళ్ళలో నీళ్ళలా ఉంటాయి. రంగు వేస్తే కణంలో నడిమి బొట్టు ఒక రంగు పట్టుకుంటుంది, చుట్టూ ఉన్నది ఇంకో రంగు పట్టుకుంటుంది. అప్పుడు ఏది ఎలాంటిదో తెలుస్తుంది." తర్వాత రంగు పట్టిన నా చేతుల వైపు చూసి, "మీ పనే," అన్నారు.

కడప ఉప్పునీళ్ళతో కడిగితే రంగు చెడిపోతుందని ఆయన వాననీళ్ళు సీసాలో పట్టి ఉంచుకున్నారు. ఆ సీసా పరీక్షగది కిటికీలో ఉండేది. నూలు విషయంలో మా ఊళ్ళోనూ ఇదే బాధ. ఆ గదిలో నాకు అర్థమైనది ఆ ఒక్క సంగతే, అందుకే దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం చిన్నాయనను పరీక్షగదిలోకి పిలిచారు. నేను వరండాలో కూర్చున్నాను. ఆయన బయటికి వచ్చినప్పుడు తలపాగా విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"సూది పక్కకు పడిందంట పాపా. చీము తగల్లేదంట. మల్లా ఒకసారి ఏస్తారంట. ఇప్పుడు మనిషి నీరసంగా ఉండాడు గదా, ఇంటికాడ ఉంచుకోని బలం రానిమ్మన్నారు. నువ్వు పొయ్యి మందు సీసా తీసుకోనిరా."

మందు సీసా కోసం నేను ఆ గది గడపలో నిలబడ్డాను. డాక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకుంటున్నారు. నన్ను చూసి, చిన్నాయన నాకు అంతా చెప్పాడనుకున్నారు. అందుకే ఆ మాట దాచకుండా అన్నారు.

"మద్రాసు పంపినా ఇదే చెబుతారమ్మా. కోసి తీయగలిగేది కాదు. మొదలు జీర్ణాశయంలో ఎక్కడో ఉంది, కాలేయానికి పాకింది. నీకు చూడాలని ఉందా? పొద్దున అడిగావు కదా."

నేను తల ఊపానో లేదో గుర్తులేదు. ఆయన లేచి సూక్ష్మదర్శిని ముందున్న కుర్చీ చూపించారు. ఒక కన్ను మూసుకుని చూశాను. మొదట వెలుగు తప్ప ఏమీ లేదు. ఆయన ఒక మర తిప్పారు. అప్పుడు లేత గులాబి మీద ముదురు వంగపండు రంగు తేలి వచ్చింది. అంత నిండైన రంగు మా ఇంట్లో ఎన్నడూ రాలేదు. రంగు బాగా పట్టింది అనుకున్నది అప్పుడే.

"మంచి కణాలు ఒకే మాదిరిగా ఉంటాయి," అన్నారు డాక్టరు నా వెనక నుంచి. "ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ఉంటాయి. నడిమి బొట్టు చిన్నది. ఇవి చూడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. బొట్టు కణం నిండా పెరిగిపోయింది."

అవును, గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఏ రెండూ ఒకలా లేవు. ఆ వంగపండు బొట్లు ఒక్కొక్కటీ ఉబ్బి, గట్టు తెంచుకున్నట్టు పక్కదాని మీదికి పోయాయి. నేను కన్ను తీయలేకపోయాను. భయంతో కాదు. ఎంతసేపు చూస్తే అంతసేపు అది ఇంకా తేలని విషయంలా అనిపించింది. కన్ను తీస్తే తేలిపోతుంది.

"కొంచెం ముందుగా వచ్చి ఉంటే?" అన్నాను.

డాక్టరు మందు సీసా మూత బిగించి నా చేతికిచ్చారు. "నొప్పికి ఇది. నిద్ర పడుతుంది," అన్నారు.

నేను వార్డులోకి పోయేసరికి నాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఎంత వచ్చిందంట?" అని చిన్నాయనను అడుగుతున్నాడు.

"రాలేదు అన్నా. సూది పక్కకు పడిందంట."

"నేను అనుకుంటి. ఆయన గుచ్చినది పైనకు. నాకు నొప్పి కిందకు ఉండాది."

చిన్నాయన నా వైపు చూశాడు. నేను సీసాను గూట్లో పెట్టి నీళ్ళ చెంబు సర్దాను. తనకు ఒక్కడికే తెలుసని ఆయన అనుకున్నాడు. నాకు తెలుసని నేను చెప్పలేదు. పక్క మంచం రైతు మాత్రం ఆ రాత్రి బర్రె మాట ఎత్తలేదు. మరునాడు ఆయన్ను ఇంటికి పంపించారు. పోయేటప్పుడు అందరి దగ్గరా చెప్పుకుని పోయాడు, మా మంచం దగ్గర మాత్రం ఆగకుండా పోయాడు. ఆయన భార్య వెనక్కి వచ్చి తమ దగ్గర మిగిలిన జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి నా ఒళ్ళో పెట్టింది.

మేమూ ఊరికి బయలుదేరదామనుకున్న ఆ రోజు నేను నా డైరీలో రాసుకున్నది ఎండ గురించి. ఎండ ఎక్కువగా ఉంది, బస్సు దొరకలేదు అని ఉంది. ఇంకేమీ లేదు.

ఇంటికి వచ్చాక చిన్నాయన అదే మాట అమ్మకూ అవ్వకూ చెప్పాడు. వీధి అంతటికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆయనే సగం నమ్మాడేమో అనిపించేది. నాయన పూర్తిగా నమ్మాడు. బలం రావాలని, ఇష్టం లేకపోయినా రాగి జావ తాగేవాడు. తాగింది నిలిచేది కాదు. వాంతి అయ్యాక నోరు కడుక్కుని మళ్ళీ గిన్నె అడిగేవాడు. అది చూస్తూ నిలబడడం నావల్ల అయ్యేది కాదు. పెట్టెలో ఉన్న పుస్తకాలన్నీ తీసి తిరగేశాను. వాటిలో రాజులు చనిపోయారు, భక్తులు చనిపోయారు, వీరులు చనిపోయారు. జావ తాగి బలం తెచ్చుకుందామని చూసే మనిషి దగ్గర కూర్చుని ఏం చెయ్యాలో ఒక్కదాంట్లోనూ లేదు.

అమ్మ బట్టలు ఉతుకుతూ ఉన్నట్టుండి ఆగేది. పంచెను వెలుగుకు పట్టి చూసేది. "ఇది నేను ఎన్నిసార్లు ఉతికింటిని," అనేది. నాతో అన్నట్టు కాదు. "ఉతికినపుడల్లా చూస్తి. చూస్తానే ఉంటి." పక్కింటి ఆమె ఇక మా బావి వైపు రాలేదు.

మా ఇంటి ముందర వీధిలోనే అందరూ పడుగులు పరిచి గంజి పెట్టేవారు. నాయనకు అలికిడి కాకూడదని వాళ్ళు పక్క వీధికి పోయారు. రెండు రోజులు వీధి ఖాళీగా ఉండడం చూసి ఆయనకు కోపం వచ్చింది.

"నేనేమన్నా సచ్చినానా, వీధి మార్చుకునేకి? పొయ్యి చెప్పు మీ చిన్నాయనకు. పడుగు ఈడనే పరచమను. నేను చూడాల."

మరునాడు తెల్లవారకముందే పరిచారు. గడప దగ్గర మంచం వేస్తే పడుకుని చూశాడు. ఒక పోగు తెగితే ఎవరూ గమనించకముందే వేలెత్తి చూపించాడు. ఆ తర్వాత మంచం బయటికి తేవడం కుదరలేదు. కడుపులో నీరు చేరింది. కాళ్ళు వాచాయి. ఒంటి రంగు పచ్చ దాటి నలుపులోకి తిరిగింది. చేతులమీది రంగు ఎప్పుడో పోయింది, ఆయన నూలు ముట్టుకుని చాలా కాలమైంది. అయినా చేతులు అలాగే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం అమ్మ వెనక వాకిట్లో ఉంది, అవ్వ కునుకు తీస్తోంది. నేను నీళ్ళు చెంచాతో పోస్తున్నాను. ఆయన మింగలేక తల తిప్పేశాడు. నన్నే చాలాసేపు చూశాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయిందనుకున్నాను. అడిగితే చెప్పేస్తాననుకున్నాను. నిజంగా నోరు తెరిచాను. ఆయన నా చేయి తీసుకుని తన కడుపు మీద, బొడ్డుకు కొంచెం పైన పెట్టుకున్నాడు. ఆ చర్మం కింద అంతా గట్టిగా, వేడిగా ఉంది. మెత్తని చోటు ఎక్కడా లేదు. నా వేళ్ళను ఒకచోట అదిమి, మళ్ళీ కొంచెం పక్కకు జరిపి, అక్కడ ఆపాడు. ఆ సాయంత్రం నుంచీ ఆయనకు స్పృహ లేదు. మరునాడు పోయాడు. ఆ మధ్యాహ్నం నా వేళ్ళను అక్కడ పట్టుకుని, ఎవరూ వినకూడని సంగతిలా, మెల్లగా అన్నాడు:

"ఈడ ఉండాది పాపా చీము. ఈ తూరి ఈడ గుచ్చమని డాక్టరుతో నువ్వే చెప్పాల. మీ చిన్నాయనకు సరిగా చెప్పేకి రాదు."